వెళ్ళిన దారిన రానివాళ్ళు

హైమావతి కెమెరా మొట్టమొదట పట్టించిన దొంగ ఆవిడ కన్నతండ్రే.

ఆరోజు పొద్దున ప్రయోగశాల వెనక మైదానం మీదుగా, సిబ్బంది క్వార్టర్ల మీదుగా ఇంజను లేని చిన్న గ్లైడర్ ఒకటి ఎగిరి దిగింది. దాని పొట్టలో హైమావతి ఏళ్ళ తరబడి అరగదీసి, విరగ్గొట్టి, మళ్ళీ చేసిన షట్టరు ఉంది. ఫిల్ము కడిగి దీపపు బల్ల మీద పరిచారు. మట్టి మీద ముందురోజు నడిచినవాళ్ళ అడుగులన్నీ తెల్లగా తేలాయి. క్యాంటీను వైపు బారులు తీరిన అడుగులు, గేటు దగ్గర పహరా తిరగాల్సినవాళ్ళు తిరక్కుండా నీడపట్టున కూలబడ్డ జాడలు, అన్నీ ఉన్నాయి. క్వార్టర్ల నుంచి ప్రహరీగోడ పగులు దాకా మాత్రం ఒక వింత జాడ కనిపించింది. చుక్క, గీత, చుక్క, గీత. ఒక కాలు ఆనించి రెండో కాలు ఈడ్చుకుంటూ నడిచే మనిషిది. గోడకి అవతల మిరపకాయ బజ్జీల బండి ఉంటుంది.

సాయంత్రం ఇంటికి వెళ్ళగానే, "నాన్నా, నిన్న బజ్జీలు బాగున్నాయా?" అని అడిగింది.

పిచ్చయ్య ఉలిక్కిపడ్డాడు. జీవితమంతా బస్సు తోలిన మనిషి. పక్షవాతం వచ్చి ఎడమకాలు పడిపోయాక కూతురి దగ్గరే ఉంటున్నాడు. నూనె వస్తువు ముట్టుకోవద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు.

"నీకెవరే చెప్పిందీ?"

"మట్టి చెప్పింది."

"మట్టికి నోరెక్కడిదే?"

"నేను పెట్టాను" అంది హైమావతి. అలా అన్నప్పుడు ఆవిడ ముఖంలో గర్వం చూడాలి. ఆ గర్వానికి తగిన పనే చేసింది, కాదనలేం.

అందులో మాయేమీ లేదు. అడుగు పడినచోట మట్టి నొక్కుకుపోతుంది. మనిషి వెళ్ళిపోయాక రబ్బరులాగే మళ్ళీ పైకి లేస్తుంది, కాకపోతే రోజుల తరబడి, కంటికి ఆనకుండా లేస్తుంది. ఆ లేవడాన్ని ఆకాశం నుంచి ఫిల్ము మీదికి దింపాలంటే, రెప్పపాటులో కొన్ని వందలసార్లు తెరుచుకుని మూసుకునే షట్టరు కావాలి. అది వెంట్రుకవాసి కూడా వణక్కూడదు. పోనీ కరెంటుతో చేద్దామంటే కుదరదు. కొండల యుద్ధం మొదలై ఆరో ఏడు నడుస్తోంది. సరిహద్దు దాటిన ఏ విద్యుత్ పరికరాన్నయినా శత్రువులు తరంగాలతో మాడ్చేస్తున్నారు. అందుకని పళ్ళచక్రాలకీ, స్ప్రింగులకీ, మీటలకీ మళ్ళీ మంచిరోజులొచ్చాయి. వాటితోనే అన్నం తినే హైమావతికీ వచ్చాయి. చదువుకీ, తండ్రికీ మధ్య ఎప్పుడో వెనకబడిపోయిన పెళ్ళి మాట ఇక ఎవరూ ఎత్తడం లేదు. ఆవిడా ఎత్తలేదు.

*

కెమెరా కొండల మీదికి వెళ్ళింది. అక్కడి ఫిల్ములు మూడు నాలుగు రోజులు లారీల్లో, రైళ్ళలో ప్రయాణం చేసి ప్రయోగశాలకి వచ్చేవి. వాటిని పరీక్షించడం హైమావతి పని, తోటి ఇంజనీరు శేషాచలం పని.

ఒక లోయ ఫిల్ములో హైమావతి చెయ్యి ఆగిపోయింది. వాగు పక్కన పది పదిహేను ఇళ్ళ పల్లె. ఒక ఇంటి నుంచి నీటి ఊట దాకా చుక్క, గీత, చుక్క, గీత. మళ్ళీ అదే దారిలో ఇంటికి. మర్నాటి ఫిల్ములోనూ అంతే.

చెప్పకూడని సంగతే, అయినా ఇంట్లో చెప్పేసింది. పిచ్చయ్య పకపకా నవ్వాడు. "ఆ కొండల్లో కూడా నాబోటి కుంటాయన ఉన్నాడన్నమాట! నీళ్ళు తెచ్చుకోవడానికి పెళ్ళాం లేదేమో పాపం." ఆ రోజు నుంచి సాయంత్రం చెప్పులు విప్పకముందే అడిగేవాడు: "ఏమ్మా, మా కుంటాయన ఇవాళ నీళ్ళకి పోయాడా?" పోయాడంటే ఆ పూట నాలుగు ముద్దలు ఎక్కువ తినేవాడు.

కెమెరా బాగానే పనిచేస్తోంది కానీ, దానితో ఒరిగిందేమీ లేదు. నేల నిండా అడుగులే. ఎవరు రైతో, ఎవరు తుపాకి పట్టినవాడో మట్టికేం తెలుసు? కొండని తవ్వి ఎలుకని పట్టినట్టుందని పైవాళ్ళు సణగడం మొదలుపెట్టారు. అప్పుడు వచ్చాడు కల్నల్ ఇంద్రసేన్. ఆ కొండల్లో కుర్రాళ్ళని పోగొట్టుకున్న మనిషి. టీ గ్లాసు చేత్తో పట్టుకుని, తాగడం మరిచిపోయి, ఫిల్ముల మీదికి వంగి చాలాసేపు చూశాడు.

"ఒక్క ముచ్చట చెప్తా మేడం" అన్నాడు. "తుపాకి పట్టినోళ్లు పోయిన తొవ్వల మళ్ల రారు. నీళ్లకు పోయినోడు అదే తొవ్వల వస్తడు. చేనుకు పోయినోడు అదే తొవ్వల వస్తడు. తొవ్వల ఎవడన్న మందుపాతర పెట్టిండేమో అని భయమున్నోడే తొవ్వ మారుస్తడు."

ఆ మాట హైమావతికి మంత్రంలా పనిచేసింది. కడిగిన ఫిల్ములో అడుగులున్నచోట జిగురుపొర ఉబ్బుతుంది. ఆ ఉబ్బు మీద గ్రామఫోను ముల్లులాంటి ముల్లుని నడిపించింది. ముల్లుకి ఒక క్యామ్ తగిలించింది. క్యామ్ అంటే మరేం లేదు, గుండ్రంగా ఉండకుండా ఒకచోట బొడిపె ఉన్న చక్రం. వెళ్ళినవాళ్ళు వెళ్ళిన దారినే తిరిగి వస్తే బొడిపె మీటని ఎత్తిపట్టి ఉంచుతుంది. వేరే దారిన వస్తే మీట టక్కున పడి ఫిల్ముకి చిల్లు పొడుస్తుంది. చిల్లు ఉన్నచోట శత్రువు ఉన్నట్టు. అక్కడ ఫిరంగులు తమ పని చేస్తాయి. ఆ క్యామ్‌ని హైమావతి స్వయంగా ఆకురాయితో రాసి నునుపు చేసింది. శేషాచలం దాన్ని పరీక్షించి, వంక పెట్టడానికి ఏమీ లేదన్నాడు.

మొదటి దెబ్బ ఫలించిందని కబురొచ్చింది. దారి మార్చి తిరిగొచ్చిన గుంపు ఒకటి, మళ్ళీ ఆ జాగాకి వచ్చినప్పుడు తుడిచిపెట్టుకుపోయింది. ఫిల్ములో నిప్పు మరక కూడా ఉంది. చలిమంట వేసుకుని మాటు కాచారన్నమాట. ప్రయోగశాలలో లడ్డూలు పంచారు. తరవాతి ఫిల్ములో చిల్లులు రెట్టింపయ్యాయి. ఆ తరవాత ఇంకా పెరిగాయి. చిల్లులు పెరిగేకొద్దీ యంత్రం పదునెక్కుతోందని అందరూ సంబరపడ్డారు, హైమావతితో సహా. అలాంటి క్యామ్‌లు పెట్టెల కొద్దీ పోతపోయించి, సరిహద్దులో లారీల మీదే ఫిల్ము కడిగి చిల్లులు పొడిచే ఏర్పాటు చేశారు.

కుంటాయన జాడకి మాత్రం చిల్లు పడలేదు. ఊటకి వెళ్ళిన దారినే ఇంటికి వస్తాడు కదా. "మీ కుంటాయన జోలికి నా యంత్రం రాదు నాన్నా" అని హైమావతి భరోసా ఇచ్చింది. "ఆ గుంపుల్లో ఆయన ఎప్పుడూ వెళ్ళడు. ఇంటిపట్టునే ఉంటాడు."

*

వాన మొదలైన రోజుల్లో ఒక తెల్లవారుజామున పిచ్చయ్య మంచం మీదే పోయాడు. బతికున్నన్నాళ్ళూ ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదనుకున్నవాడు, పోయేటప్పుడు కూడా అలాగే పోయాడు. హైమావతి ఏడవలేదు. ఏడవడానికి వీలుగా ఎవరైనా వస్తారని ఎదురుచూస్తున్నట్టు కూర్చుంది. మధ్యాహ్నానికి తమ్ముడు కోటి వచ్చాడు, మేనత్త అంకమ్మ వచ్చింది. మేనత్త కావలించుకోగానే ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చింది.

వాళ్ళలో ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు. గుమ్మం దాకా వచ్చి ఆగిపోవాలి. ఇంజనీరైనా, ఆకాశం నుంచి అడుగులు లెక్కపెట్టే మనిషైనా అంతే. మగవాళ్ళు పాడె ఎత్తి కుడిచేతి వీధిలోకి తిరిగి కనబడకుండా పోయారు. హైమావతి అరుగు మీద కూర్చుని ఆ వీధి మలుపు వైపే చూస్తూ ఉండిపోయింది. ఎంతకీ రారు. చివరికి వెనకనుంచి, ఎడమచేతి సందులోంచి తడిబట్టలతో ఒక్కొక్కళ్ళే వచ్చారు.

"అటు వెళ్ళి ఇటు వస్తారేంటి? ఆ దారిలో నీళ్ళు నిలిచాయా?" అని అడిగింది.

అంకమ్మ కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. "ఎల్లిన దోవన రాకూడదమ్మా. పోయినోడు ఎనకమాలే ఇంటికొచ్చేత్తాడంట. దోవ మరిపిచ్చాల. నీకు తెలవదా?"

తెలీదు. ఎప్పుడైనా వెళ్తే కదా తెలిసేది.

హైమావతి అరుగు మీదనుంచి లేవబోయి మళ్ళీ కూర్చుంది. ఒక దారిన వెళ్ళి, ఇంకో దారిన వచ్చే గుంపు. నడుమ ఒక నిప్పు మరక. కాళ్ళు కడుక్కోమని మేనత్త తెచ్చిన చెంబెడు నీళ్ళు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. పాపం కోటి, అక్క తండ్రి కోసం కుమిలిపోతోందనుకుని పక్కన కూర్చుని వీపు నిమిరాడు.

*

మైల తీరకముందే ప్రయోగశాలకి వెళ్ళింది. శేషాచలం ఆచారం ఉన్న మనిషి. ఆవిణ్ణి చూసి బల్లకి అవతలివైపు జరిగాడు. "కర్మ అయ్యేదాకా రాకూడదు కదండీ..." అంటుండగానే హైమావతి ఆ లోయ ఫిల్ములన్నీ తీసి వరసగా పరిచింది.

"శేషాచలం గారూ, మీ నాన్నగారికి ఎవరు నిప్పు పెట్టారు?"

"నేనే."

"ఏ దారిన వెళ్ళారు? ఏ దారిన వచ్చారు?"

ఆయన ఫిల్ముల వంక చూశాడు. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నాడు. మొదటి ఫిల్ములో పల్లె నుంచి ఒక్కటే గుంపు వాగు ఒడ్డుకి వెళ్ళింది, కొండ అంచు చుట్టి తిరిగొచ్చింది. ఎవరో ముసలివాళ్ళు పోయి ఉంటారు. దహనమయ్యాక బూడిద ఎత్తడానికి మళ్ళీ వెళ్ళి ఉంటారు, అప్పుడు ఫిరంగి దెబ్బ తగిలింది. వారం తరవాతి ఫిల్ములో అదే ఒడ్డుకి మూడు గుంపులు. వాటికి చిల్లులు. ఆ తరవాత పక్క పల్లెల నుంచి కూడా గుంపులు. చావుకి వచ్చినవాళ్ళని చంపితే, ఆ చచ్చినవాళ్ళ చావుకి అంతకన్నా ఎక్కువమంది వస్తారు. యంత్రం పదునెక్కలేదు. తను పెట్టిన చావులే తను తింటోంది.

"నాకు తట్టలేదమ్మా" అన్నాడు శేషాచలం. అండీ అనడం కూడా మరిచిపోయాడు. "నేను నడిచొచ్చిన దారే. పరీక్ష చేసింది కూడా నేనే. నాకు తట్టనే లేదు."

హైమావతి కళ్ళు చివరి ఫిల్ములో ఊట దారిని వెతుకుతున్నాయి. చుక్క, గీత, చుక్క, గీత. ఉంది. అప్పుడు తోచింది ఇంకో సంగతి. పల్లె పల్లెంతా చావులకి తిరుగుతుంటే ఆ మనిషి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. గుమ్మం దాకా వచ్చి ఆగిపోతోంది. నీళ్ళు మోస్తోంది. నాన్న 'కుంటాయన' అని పేరు పెట్టాడు గానీ, ఆయన కాదు, ఆవిడ. తనలాగే అరుగు మీద కూర్చుని, వీధి మలుపు వైపు చూసే మనిషి.

*

కల్నల్ ఇంద్రసేన్ ఓపిగ్గానే విన్నాడు. కసురుకోలేదు, ఎగతాళి చెయ్యలేదు. అందుకే హైమావతికి ఎక్కువ భయం వేసింది.

"సరే అమ్మా. మీరు చెప్పేది నిజమే అనుకుందాం. చావుకు పోయినోళ్లను, మాటుకు పోయినోళ్లను మీ మిషను ఎట్ల వేరు చేస్తది? చేసి చూపియ్యుండ్రి. రేపే పెట్టిస్త."

ఆ మాట పట్టుకుని హైమావతి తిండీ నిద్రా మానేసింది. తండ్రి పాడెని తలుచుకుంది. మోసుకెళ్ళేటప్పుడు కోటి మడమలు బురదలో లోతుగా దిగడం గుమ్మంలోంచి చూసింది. వచ్చేటప్పుడు పాదాలు తేలిగ్గా ఆనాయి. చావుకి వెళ్ళేవాళ్ళు బరువుతో వెళ్ళి ఖాళీ చేతులతో వస్తారు. మాటుకి వెళ్ళేవాళ్ళు తుపాకులు భుజాన వేసుకుని వెళ్తారు, వేసుకునే వస్తారు. ఆ తేడాని పట్టే రెండో క్యామ్ చేసింది. వెళ్ళేటప్పటి ఉబ్బు ఎక్కువ, వచ్చేటప్పటి ఉబ్బు తక్కువ అయితే బొడిపె అడ్డుపడి మీటని పడనివ్వదు. అటూ ఇటూ తిప్పి పరీక్షించుకోవడానికి వీలుగా దాన్ని ఒకే ఒక్క స్క్రూతో బిగించింది.

పరీక్షకి నులకమంచం మీద ఇసక బస్తాలు పేర్చి నలుగురు మొయ్యాలి. మంచాన్ని అలా భుజాలకెత్తుకోవడానికి సిబ్బందిలో ఎవరూ ముందుకి రాలేదు. అపశకునం కదా. చివరికి శేషాచలమే ముందు కోడు పట్టాడు. తరవాత మిగతావాళ్ళు వచ్చారు. మైదానం చివర బస్తాలు దింపి, ఎవరూ చెప్పకుండానే వేరే దారిన తిరిగొచ్చారు. గ్లైడర్ ఎగిరింది. ఫిల్ము కడిగారు. ముల్లు నడిచింది. మీట పడలేదు.

అంతవరకూ హైమావతి తండ్రి పోయినప్పుడు కూడా దేవుణ్ణి తలుచుకోలేదు. అప్పుడు తలుచుకుంది.

కల్నల్ ఆ ఫిల్ముని తిప్పి తిప్పి చూశాడు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఇది ఇన్ని దినాలు ఎందుకు చెయ్యలేదు మేడం? బరువు మోస్కపోయిండ్రు, ఖాళీగ వచ్చిండ్రు అంటే ఏంది? సామాన్ దాచిపెట్టిండ్రు! మందుగుండు. ఈ జాగనే గదా మాకు ముందు కావాల్సింది."

"అది శవం అండీ."

"శవం కావచ్చు. పదిట్ల తొమ్మిది శవాలే కావచ్చు, నేను కాదంటలేను." ఆయన గొంతు తగ్గింది. "పదోది ఇడిచిపెడితే నా పోరలు చస్తరు. పోయిన యేడు ఇడిచిపెట్టిన. పందొమ్మిదేండ్ల పిల్లగాడు నా చేతులల్ల పోయిండు. వాని తల్లికి ఏం చెప్పాలె, మీ మిషనుకు జాలి ఎక్కువ అని చెప్పాలెనా?"

కాలికి వేస్తే మెడకి, మెడకి వేస్తే కాలికి వేసే మనిషైతే హైమావతి పోట్లాడేది. ఆయన ఉన్నమాటే చెబుతున్నాడు, చెప్పి తన పని తను చేస్తున్నాడు. స్క్రూ ఒక్కటి వదులు చేయించి క్యామ్‌ని తిరగేయించాడు. ఇప్పుడు ఆ బొడిపె మీటని ఆపదు. ఇంకోసారి కొట్టిస్తుంది. దారి మారితే ఒక చిల్లు, బరువు కూడా తగ్గితే రెండు చిల్లులు. రెండు చిల్లులున్న చోటికి ముందు గురిపెట్టాలి.

ఆ సాయంత్రం హైమావతి తను ఆకురాయితో రాసిన మొదటి క్యామ్‌ని యంత్రంలోంచి ఊడదీసి, ఇనప దిమ్మ మీద పెట్టి, సుత్తితో చితక్కొట్టింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. గోదాములో అలాంటివి పెట్టెల నిండా ఉన్నాయి. మర్నాడు శేషాచలం ఇంకోటి తెచ్చి, ఆవిడ వైపు చూడకుండా, సరిగ్గానే బిగించాడు.

రాజీనామా రాసింది. ఇవ్వలేదు. ఇచ్చి వెళ్ళిపోతే ఊట దారి చూసేవాళ్ళుండరు. చూసినందువల్ల ఆ మనిషికి ఒరిగేదేమీ లేదని ఆవిడకి తెలుసు. తండ్రి అడిగే ప్రశ్నకి జవాబు చెప్పాల్సిన పని ఇంకా తన మీదే ఉన్నట్టనిపించేది, అంతే.

*

వానలు వెనకబట్టాక లోయ ఫిల్ము వచ్చింది. పల్లెలో అడుగులు పల్చబడ్డాయి. చేలల్లోకి వెళ్ళిన జాడ లేదు. గుంపులు లేవు. గుంపు కట్టడానికి మనుషులు లేరు.

ఒక ఇంటి నుంచి మాత్రం జాడ బయల్దేరింది. చుక్క, గీత. కానీ ఊట వైపు కాదు. వాగు ఒడ్డుకి. చుక్కలు లోతుగా దిగి ఉన్నాయి. పక్కనే వెడల్పాటి చారిక, దుప్పట్లో కట్టి ఏదో ఈడ్చుకుపోయినట్టు. పది అడుగులకోసారి ఆగింది. ఒకచోట కూర్చుంది. మళ్ళీ లేచింది. ఒడ్డు మీద చిన్న నిప్పు మరక, సరిగ్గా అంటుకోనట్టు సగం మరక.

మొయ్యడానికి మగవాళ్ళెవరూ మిగల్లేదు. అందుకని గుమ్మం దగ్గర ఆగిపోవలసిన ఆడమనిషి గుమ్మం దాటింది. ఎవరిని ఈడ్చుకుపోయిందో, మొగుణ్ణో, కొడుకునో, మనవణ్ణో, మట్టి చెప్పదు. తిరిగి రావడం మాత్రం వెళ్ళిన దారిన రాలేదు. ఈడ్చుకునే ఆ కాలితో, ఒంటరిగా, ఎవరూ చూడనిచోట కూడా, కొండ అంచు చుట్టూ తిరిగి దూరపు దారినే వచ్చింది. ఎప్పుడూ వెళ్ళకపోయినా ఆ సంగతి ఆవిడకి తెలుసు. చుక్కలు తేలిగ్గా ఉన్నాయి. గీతలు పొడుగ్గా ఉన్నాయి.

ఫిల్ము సరిహద్దులోనే లారీ మీద యంత్రం గుండా వెళ్ళి వచ్చింది. హైమావతి దాన్ని దీపపు బల్ల మీదికి ఎత్తింది. ఆ జాడ మీద రెండు చిల్లులున్నాయి, పక్కపక్కనే, శుభ్రంగా. అంచులు ఎక్కడా చిరగలేదు. అంత చక్కగా పొడిచే మీటని తనే చేసింది. అది పొడిచి నాలుగురోజులైంది.

ఆవిడ బల్ల మీద తల ఆనించి గట్టిగా ఏడ్చింది. శేషాచలం తలుపు దగ్గరికి వేసి బయట నిలబడ్డాడు.

వారం తిరిగాక ఆ లోయ ఫిల్ము ఇంకోటి వచ్చింది. శేషాచలమే కడిగి, ఆరబెట్టి, బల్ల మీద పరిచి, భూతద్దం పెట్టి మూలమూలలా వెతికాడు. ఊట దగ్గర, ఒడ్డు దగ్గర, ఇళ్ళ దగ్గర నేల అంతా నున్నగా, ఒక్క గీత కూడా లేకుండా ఉంది. ఆయన అద్దం కింద పెట్టి, ఆశగా హైమావతి వైపు చూశాడు.

"షట్టరు ఇరుక్కుందేమోనండీ. ఏమీ పడలేదు."

హైమావతి వచ్చి చూసింది. వాగు నీటి మెరుపు స్పష్టంగా పడింది. ఇళ్ళ కప్పుల మీద పెంకులు కూడా పడ్డాయి.

"ఇరుక్కోలేదండీ" అంది. "షట్టరు బాగానే పనిచేస్తోంది."